వాయిద్యాలు ఎన్ని రకాలు? పియానో, హార్మోనియం, జమిడిక ఏ బల్ల మీద పెట్టాలి?

టీచర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెప్తాను. అచ్చంపేట వైపు ఒక హైస్కూల్లో ప్రపంచ వాయిద్యాల ప్రదర్శన పెడుతున్నారు. ఊళ్లో దొరికినవి అసలువే తెచ్చారు, దొరకనివాటికి ఫొటోలు. తీగ, గాలి, తోలు, కంచు అని నాలుగు బల్లలు వేశారు. సగం సర్దేసరికి టెన్షన్ మొదలైంది. పియానోలో సుత్తులు కొడతాయి కాబట్టి అది డోలు జాతి అని ఒక సారు, లోపల తీగలున్నాయి కదా అని ఇంకో సారు. సాక్సోఫోన్ ఇత్తడిది కాబట్టి కంచు బల్ల మీదికి పోయింది. మట్టి ఘటం ఏ బల్ల మీదా కుదరలేదు. ఒక పిల్లవాడు ఇంట్లో అటక మీది జమిడిక, అంటే బైండ్ల కథలు చెప్పేవాళ్లు మీటే వాయిద్యం, పట్టుకొస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. ఇంటర్నెట్‌లో చూస్తే ఇడియోఫోన్, మెంబ్రనోఫోన్ అని కొత్త పేర్లు, చైనాలో ఎనిమిది రకాలని ఇంకో మాట. ఏది నమ్మాలి అని అడిగారు.

జవాబు ముందే చెప్తాను, కారణాలు తర్వాత.

నాలుగు బల్లలు చాలు. కరెంటు కీబోర్డు ఉంటే దానికి పక్కన ఒక స్టూలు వేయండి. వాయిద్యం దేనితో చేశారో, దాన్ని ఎట్లా వాయిస్తారో పక్కన పెట్టి, మోత పుట్టేటప్పుడు మొదట వణికేది ఏదో చూడండి. తీగ వణికితే తీగ బల్ల, తోలు వణికితే తోలు బల్ల, ఊదిన గాలి వణికితే గాలి బల్ల, ఆ వస్తువు ఒళ్లంతా తానే వణికితే నాలుగో బల్ల. అంటే పియానో తీగ బల్ల మీదికి, సాక్సోఫోన్, హార్మోనియం గాలి బల్ల మీదికి, ఘటం, కోలాటం కర్రలు తాళాల పక్కకు. జమిడిక సంగతి వేరు. దాన్ని తోలు బల్లకూ తీగ బల్లకూ నడుమ పెట్టండి, ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను పాటగాణ్ని కాదు, పండితుణ్ని అసలే కాదు. నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా డోలక్, తబలా, హార్మోనియం రిపేరు చేసి బతికాను. మా ఉస్తాద్ దగ్గర పనిలో చేరినప్పుడు షాపులో మూడే అరలుండేవి. తోలు పని ఒక అర, తీగ పని ఒక అర, రీడు పని, అంటే హార్మోనియం లోపల ఊగే ఇత్తడి నాలుకల పని, ఒక అర. నాలుగో అర ఎందుకు లేదో చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు. తాళాలు, గంటలు, గజ్జెలు రిపేరుకు రావు. తోలు చిరిగితే తోలు మార్చొచ్చు, తీగ తెగితే తీగ మార్చొచ్చు. గంట పగిలితే మార్చడానికి ఏముంది? మోగేదీ అదే, ఒళ్లూ అదే. అతికినా పాత గొంతు రాదు. మీ నాలుగో బల్ల అర్థం సరిగ్గా ఇదే. దానికి "కంచు" అని పేరు పెట్టడం వల్లనే మీకు ఘటం దగ్గర చిక్కొచ్చింది. పాత మాట "ఘన". గట్టిగా, ఒకే ముద్దగా ఉన్నది అని. అది కంచు కావచ్చు, మట్టి కావచ్చు, కర్ర కావచ్చు, రాయి కావచ్చు. బోర్డు మీద కంచు కొట్టేసి ఘన అని రాయండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

పిల్లలకు చెప్పడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నేను షాపులో కొత్త కుర్రాళ్లకు ఇదే నేర్పేవాణ్ని. మోగుతున్నప్పుడు వేలు పెట్టి చూడండి, దేన్ని ముట్టుకుంటే మోత ఆగిపోతుందో వణికేది అదే. వీణ తీగ మీద వేలు ఆనిస్తే టక్కున ఆగుతుంది. డప్పు తోలు మీద అరచేయి పెడితే ఆగుతుంది, చెక్క చట్రాన్ని పట్టుకుంటే ఆగదు. గుడి గంటను రెండు చేతులా పట్టుకుంటే చచ్చిపోతుంది. పిల్లనగ్రోవిని మాత్రం ఎంత గట్టిగా పిసికి పట్టుకున్నా మోగుతూనే ఉంటుంది, ఎందుకంటే వెదురు వణకడం లేదు, లోపలి గాలి వణుకుతోంది.

పియానో గొడవ కూడా ఈ వేలుతోనే తేలుతుంది. మెట్టు నొక్కితే మెత్తని సుత్తి పోయి తీగను కొడుతుంది. మెట్టు వదిలితే ఒక బనాతు ముక్క వచ్చి తీగ మీద ఆని మోత ఆపుతుంది. అంటే వేలు పెట్టే పని పియానో తానే చేసుకుంటోంది. తీగలున్న కశ్మీర్ సంతూర్‌నూ చిన్న కర్రలతో కొట్టే వాయిస్తారు, దాన్ని డోలు జాతి అని ఎవరూ అనరు కదా. కొట్టడం, మీటడం, కమానుతో రుద్దడం అనేవి వాయించే పద్ధతులు. అవి లోపలి చిన్న విభాగాలకు పనికొస్తాయి, పెద్ద బల్లలకు కాదు.

ఇక "ఏది నమ్మాలి" అన్నారు. అన్నీ నిజమే, ఎవరి అవసరం వాళ్లది. చైనావాళ్లు పాతకాలంలో వాయిద్యాలను చేసిన సరుకును బట్టి ఎనిమిదిగా విడదీశారు. లోహం, రాయి, పట్టు, వెదురు, సొరబుర్ర, మట్టి, తోలు, కర్ర. పట్టు అంటే పట్టుదారంతో పేనిన తీగలు. వాళ్ల సంగీతానికి అది చక్కగా కుదిరింది. అదే పద్ధతి మన దగ్గర పెడితే ఏమవుతుంది? సొరబుర్ర కిన్నెరకూ ఉంది, తంబురాకూ ఉంది, పాములవాళ్ల నాగస్వరానికీ ఉంది. మూడూ ఒకే బల్ల మీద! ఐరోపావాళ్ల ఆర్కెస్ట్రాలో తీగలు, కర్ర గాలివాయిద్యాలు, ఇత్తడి గాలివాయిద్యాలు, కొట్టేవి అని వేరు చేస్తారు. అది ఎవరు ఏ వరుసలో కూర్చోవాలో తేల్చడానికి బాగుంటుంది. అక్కడ ఇత్తడి సాక్సోఫోన్‌ను కర్ర వాయిద్యాల గుంపులో లెక్కేస్తారు, ఎందుకంటే దాని మోత పుట్టేది నోట్లో పెట్టుకునే రెల్లు రేకు దగ్గర, ఇత్తడి దగ్గర కాదు. బెల్జియంవాడు అడోల్ఫ్ సాక్స్ 1846లో దానికి పేటెంటు తీసుకున్నాడు.

మన నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో తత, అవనద్ధ, ఘన, సుషిర అని నాలుగే చెప్పారు. తతం అంటే లాగి బిగించింది, తీగలు. అవనద్ధం అంటే కప్పి కట్టింది, తోలు. సుషిరం అంటే బోలుగా రంధ్రాలున్నది, గాలి. రెండు వేల ఏళ్ల కిందటి మాట అటూ ఇటుగా.

ఈ నాలుగు రకాలు ఐరోపాకు చేరిన కథ బాగుంటుంది, మీ పిల్లలకు చెప్పండి. కలకత్తాలో సౌరీంద్ర మోహన్ ఠాగూర్ అనే జమీందారు, సంగీత పండితుడు, 1876లో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కు వందదాకా భారతీయ వాయిద్యాలు కానుకగా పంపాడు. మరుసటి ఏడు బ్రస్సెల్స్‌లో పెట్టిన వాయిద్యాల మ్యూజియానికి అవి కూడా మూలధనం అయ్యాయి. ఆ మ్యూజియం చూసుకునే విక్టర్ మాహిల్లాన్ 1880లో జాబితా వేసేటప్పుడు మోత పుట్టే వస్తువును బట్టి నాలుగు తరగతులు చేశాడు. మన నాలుగుకు అచ్చం అవే. దాని మీద ఇంకా పని చేసి 1914లో బెర్లిన్‌లో హోర్న్‌బోస్టెల్, కర్ట్ సాక్స్ అనే ఇద్దరు పండితులు ఒక పెద్ద పట్టిక అచ్చువేశారు. ఇంటర్నెట్‌లో మీకు కనబడిన ఇడియోఫోన్, మెంబ్రనోఫోన్, కార్డోఫోన్, ఏరోఫోన్ అనేవి ఆ పట్టికలోని పేర్లు. ఘన, అవనద్ధ, తత, సుషిర అని వరుసగా చదువుకోండి. 1940లో కర్ట్ సాక్స్ ఐదోది కలిపాడు, కరెంటు వాయిద్యాలు. మ్యూజియాలు ఇప్పటికీ ఎక్కువగా ఇదే పట్టిక వాడతాయి.

పట్టికలో ప్రతి దానికి అంకెలుంటాయి, లైబ్రరీ పుస్తకాలకు వేసినట్టు. మన డప్పుకు 211.311 వస్తుంది. విడదీసి చదివితే: తోలు (2), కొట్టేది (1), నేరుగా కొట్టేది (1), చట్రం డోలు (3), పిడి లేనిది (1), ఒక పక్కే తోలు ఉన్నది (1). ఈ అంకె రాసి డప్పు పక్కన పెట్టండి. బెర్లిన్ పట్టికలో మన డప్పుకూ ఒక ఇంటి నంబరు ఉందని పిల్లలు సంబరపడతారు.

వేలు పరీక్ష తడబడే చోటు ఒకటుంది, రీడు. హార్మోనియం మూత తీసి ఒక రీడు మీద వేలు పెడితే ఆ స్వరం ఆగిపోతుంది. మరి ఇత్తడి నాలుక వణుకుతున్నట్టే కదా, ఘన బల్ల మీద ఎందుకు పెట్టకూడదు అని మీ సారెవరైనా అడుగుతారు. నన్ను ఒక ఇంజనీరింగ్ కుర్రాడు అడిగాడు కూడా. రీడును విప్పి బయటికి తీసి గోటితో మీటి చూపించాను. చీమ తుమ్మినట్టు టింగ్ అంటుంది, అంతే. అదే రీడును గాలిపెట్టె మీద బిగించి బెల్లో కదిలిస్తే గల్లీ చివరిదాకా వినబడుతుంది. నాలుక కిందికీ మీదికీ ఊగుతూ పోయే గాలిని ముక్కలు ముక్కలుగా కోస్తుంది, ఆ కోసిన గాలే మోత. కాబట్టి హార్మోనియం గాలి బల్ల మీదికే. దాని పేటెంటు 1842లో పారిస్‌లో తీసుకున్నారు గాని, గాలికి నాలుక ఊగే ఉపాయం షెంగ్ అనే చైనా నోటి వాయిద్యంలో అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఉంది. ఫొటో పెడితే హార్మోనియం పక్కనే షెంగ్ పెట్టండి.

రీడు మాట వచ్చింది కాబట్టి ఒక పని రహస్యం. స్వరం దిగిపోయిన రీడును పైకి తేవాలంటే నాలుక కొసను సన్న ఆకురాయితో రెండు గీతలు గీకాలి. కొస తేలికై వేగంగా ఊగుతుంది, స్వరం పెరుగుతుంది. స్వరం తగ్గించాలంటే కొసను ముట్టొద్దు, మొదలు దగ్గర గీకాలి. అక్కడ బిగువు తగ్గి నెమ్మదిగా ఊగుతుంది. నేను పనిలో చేరిన మొదటి నెలలో ఇది తలకిందులుగా చేసి ఒక భజన మండలి హార్మోనియంలో పంచమాన్ని ఇంకా లోపలికి దింపాను. ఉస్తాద్ తిట్టలేదు, ఆ సాయంత్రం భజనకు నన్నే పంపించాడు. మూడు గంటలు ఆ పంచమం విన్నాక మళ్లీ జీవితంలో మరిచిపోలేదు.

మోర్సింగ్ దీనికి రివర్సు. అందులోనూ ఇనుప నాలుకే, నోటి దగ్గరే పెట్టుకుంటారు. కానీ ఊదరు, వేలితో మీటుతారు. నోరు ఆ మోతను పెద్దది చేసే డబ్బా మాత్రమే. దాన్ని ఘన బల్ల మీద పెట్టండి, పక్కనే జింబాబ్వే ఎంబిరా ఫొటో పెట్టండి. చెక్క పలక మీద వరసగా ఇనుప నాలుకలు బిగించి బొటనవేళ్లతో మీటుతారు.

దువ్వెన మీద పల్చటి కాగితం పెట్టి పెదాలకు ఆనించి "తూ తూ" అని పాడే ఆట తెలుసు కదా. పిల్లలు దాన్ని గాలి బల్ల మీద పెడతామంటారు. పెట్టనివ్వొద్దు. అక్కడ వణికేది కాగితం పొర. 1914 పట్టికలో అటువంటివి తోలు తరగతిలోనే ఉన్నాయి.

గాలి బల్ల మీద నాకు ఇష్టమైన గుంపు ఒకటుంది. శంఖం, కొమ్ము, పెళ్లి బ్యాండులో ట్రంపెట్, ఆస్ట్రేలియా ఆదివాసుల డిజెరిడూ. ఒకటి సముద్రపు చిప్ప, ఒకటి వంపు తిరిగిన రాగి గొట్టం, ఒకటి మీటలున్న ఇత్తడి, ఒకటి చెదలు లోపల తొలిచిన యూకలిప్టస్ కొమ్మ. నాలుగింటిలోనూ రీడు లేదు. వాయించేవాడి పెదాలే వణుకుతాయి. నాలుగూ దగ్గర దగ్గరగా పెట్టండి. సన్నాయి మాత్రం ఈ గుంపు కాదు. అది రెండు రెల్లు రేకులు ఒకదానికొకటి తగిలి మోగేది. పిల్లనగ్రోవి ఇంకో గుంపు, అక్కడ గాలి రంధ్రం అంచుకు తగిలి చీలుతుంది.

తీగ బల్లకు మీ పాలమూరు వైపు రాజు కిన్నెరే. దాని సొరబుర్రలు చూసి పిల్లలు బుర్ర వాయిద్యం అంటారు. తప్పులేదు, కానీ బుర్రలు తీసేసినా తీగలు కర్ర మీదే బిగిసి ఉంటాయి, చిన్నగానైనా పలుకుతాయి. బుర్ర పని మోతను పెంచడం. కర్ర మీద తీగలు బిగించే ఈ పద్ధతిలో కిన్నెర రుద్రవీణకు దాయాది. సరస్వతి వీణ వేరు, పనసచెక్కను తొలిచిన కుండ, దండి కలిసి ఒకే ఒళ్లు, దాన్ని విడదీయలేం. ఇంకో మాట, మెట్లు అనే పదం వీణకూ కిన్నెరకూ ఒకటే. లింగాల మండలం దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక "పన్నెండు మెట్ల కిన్నెర" అనే మాట అందరి నోటా పడింది గాని, మెట్లంటే ఏమిటో చాలామందికి తెలియదు. మైనంతో అతికించిన ఆ అడ్డు ముక్కల దగ్గర తీగను నొక్కితే పొడవు తగ్గి స్వరం పెరుగుతుంది. కిన్నెర పక్కన పశ్చిమ ఆఫ్రికా కోరా ఫొటో పెట్టండి. సగం కోసిన పెద్ద సొరబుర్ర మీద ఆవుతోలు బిగించి 21 తీగలు కడతారు. మన డక్కలివాళ్లు కిన్నెర పట్టుకుని కులపురాణం చెప్పినట్టే, అక్కడ గ్రియోలనే కుటుంబాలు కోరా మీటుతూ వంశాల చరిత్ర పాడతాయి.

కోరాలో తోలుంది కదా, మరి తోలు బల్ల ఎందుకు కాదు? బాంజోకూ ఇదే ప్రశ్న. ఆ తోలు మీద కొట్టి వాయించరు, తీగ మోతను అది అందుకుని పెద్దది చేస్తుంది. బాంజో తోలు మీద చేయి పెడితే గొంతు మందగిస్తుంది గాని తీగ మాత్రం పలుకుతూనే ఉంటుంది.

ఇక్కడి నుంచే జమిడిక దగ్గరికి పోవాలి.

ఇరవై ఏళ్లు దాటింది. మునుగోడు వైపు నుంచి ఒక కుర్రాడు సంచిలో ఇత్తడి పాత్ర ఒకటి తెచ్చాడు. ఒక పక్క నోరు తెరిచి ఉంది, ఇంకో పక్క తోలు. తోలు నడిమధ్యలో రంధ్రం, చుట్టూ కొంచెం చినిగి ఉంది. "మా తాతది, డోలు, తోలు పోయింది" అన్నాడు. నేను నమ్మాను. కొత్త మేకతోలు నానబెట్టి, బిగించి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి ఇచ్చాను. కొడితే కణ్‌మంది. పని బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

వారానికి వాళ్ల పెద్దనాయన వచ్చాడు, బైండ్ల కథ చెప్పే ముసలాయన. పాత్ర నా ముందు పెట్టి, "ఏం జేసినవ్ బిడ్డా? గొంతుల గుడ్డ కుక్కినట్టు జేసినవ్" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. నా దగ్గరే ఆరె, అదే తోలుకు రంధ్రం పొడిచే సూది, అడిగి తీసుకుని, నేను రెండు రోజులు ఆరబెట్టిన తోలుకు నడిమధ్యలో పొడిచాడు. నా గుండె కలుక్కుమంది. జేబులోంచి నరంతో పేనిన తీగ తీశాడు. దాని కొసకు చిన్న తోలు బిళ్ల ముడేసి, తోలు అవతలి నుంచి దూర్చి, పాత్ర లోపలి నుంచి నోటి బయటికి లాగాడు. రెండో కొసకు కర్రముక్క కట్టాడు. పాత్రను చంకలో ఇరికించి, ఎడమచేత్తో కర్రముక్క పట్టి తీగ లాగుతూ, కుడిచేత చిన్న పుల్లతో తీగను మీటాడు. జుంయ్ అంది. కర్రముక్కను ఇంకొంచెం లాగితే అదే మోత పైకి పాకింది, వదిలితే కిందికి జారింది. మాట్లాడుతున్నట్టే ఉంది. ఎల్లమ్మ కథలో ఒక ముక్క పాడితే చాయ్ హోటల్ కుర్రాడు గ్లాసులు పట్టుకుని అట్లనే నిలబడిపోయాడు.

ఇప్పుడు వేలు పరీక్ష పెట్టండి. తీగను ముట్టుకుంటే మోత ఆగుతుంది. తోలు మీద అరచేయి పెట్టినా ఆగుతుంది! బాంజోలో లాగా మందగించడం కాదు, దాదాపు చచ్చిపోతుంది. ఎందుకంటే ఈ తీగ తోలు మీదుగా పోవడం లేదు, తోలు నడుముకే కట్టి ఉంది. తీగ ఊగితే తోలును లాగుతుంది, వదులుతుంది. రెండూ ఒకే ప్రాణం. 1914 పట్టిక చేసినవాళ్లకూ ఇది తలనొప్పే అయింది. బెంగాల్ బావుల్ గాయకుల ఆనందలహరి, గోపీయంత్రం కూడా ఈ జాతివే. ఆ పట్టికవాళ్లు ఈ జాతిని తోలు తరగతిలోనే ఉంచి, కొట్టే డోళ్లకు 21 ఇచ్చి, "మీటే డోళ్లు" అని దీనికి వేరే 22 ఇచ్చారు. తర్వాతివాళ్లు కొందరు అది తప్పని, వణికేది తీగే, తోలు కేవలం డబ్బా అని వాదించారు.

నా మొగ్గు తీగ వైపే. స్వరం మారేది తీగ బిగువును బట్టి, వాయించేవాడి రెండు చేతులూ ఉండేది తీగ మీద. కానీ ఈ మాటే ఆ పెద్దాయనతో అంటే నవ్వాడు. "రెండుంటెనే జమిడిక, ఒక్కటి తీస్తె ఇత్తడి గిన్నె" అన్నాడు. తోలు డబ్బులు మాత్రం తీసుకోనన్నాను, నా తప్పు కాబట్టి. ఆయన చాయ్ పైసలు ఇచ్చి పోయాడు.

కాబట్టి మీరు రెండు బల్లలు కలిపి వేసి, కలిసే చోట జమిడిక పెట్టండి. "పండితులు ఇంకా తేల్చలేదు, మీరేమంటారు?" అని చీటీ రాయండి. వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడేది అక్కడే.

తోలు బల్ల గురించి రెండు మాటలు. ఒగ్గు, డోలు, రుంజ, గుమ్మెట, డక్కి, కంజీర, తబలా అన్నీ ఇక్కడికే. బుడబుక్కల ఆయన డమరుకాన్ని చేత్తో కొట్టడు, ఊపితే దారం కొసనున్న ముడులు తోలును కొడతాయి. కొట్టేది చేయి కాకపోయినా వణికేది తోలే, కాబట్టి ఇదే బల్ల. తబలా మీది నల్ల బిళ్ల, అదే సియాహీ, అందం కోసం కాదు. ఉత్త తోలు కొడితే లోపల పుట్టే మోతలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి, అందుకే డప్పుకు చప్పుడుంటుంది గాని స్పష్టమైన శ్రుతి ఉండదు. నడుమ బరువు పెడితే ఆ మోతలు వరుసలోకి వస్తాయి, శ్రుతి నిలుస్తుంది. సి.వి. రామన్ 1920లోనే దీని మీద పరిశోధన అచ్చువేశారు. సైన్స్ టీచర్‌కు చెప్పండి, ఆయన బల్లకూ పనికొస్తుంది.

ఘన బల్ల మీద ఖాళీ కనబడితే పెద్దగట్టు జాతర గుర్తు చేసుకోండి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్టకు రెండేళ్లకోసారి గజ్జెల లాగులు తొడుక్కుని "ఓ లింగా" అంటూ పోతారు కదా, ఆ లాగు కూడా ఒక వాయిద్యమే. ఒళ్లు కదిలితే మోగేది. గజ్జెలు, చిరుతలు, కోలాటం కర్రలు, జేగంట, ఘటం, మోర్సింగ్. బల్ల నిండిపోతుంది.

కీబోర్డు స్టూలు మీద కాసియో ఒక్కటి చాలు. ఎలక్ట్రిక్ గిటార్ ఉంటే నేనైతే తీగ బల్లకే పంపుతాను, ఎందుకంటే అక్కడ నిజంగా తీగ వణుకుతుంది, కరెంటు దాన్ని పెద్దది మాత్రమే చేస్తుంది. కాసియోలో వణికే తీగా లేదు, నాలుకా లేదు. "స్పీకర్‌లో వణికేది కూడా పొరే కదా అంకుల్, మరి డీజే బాక్సు డోలేనా?" అని మా షాపు కుర్రాడు ఒకడు అడిగాడు. వాడికి జవాబు చెప్పేలోపు ఆంప్లిఫయర్ రిపేరుకు పోయాడు.

కొన్ని జాగ్రత్తలు. గుమ్మెటకు, కంజీరకు పాతవాళ్లు ఉడుము తోలు కట్టేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఉడుము రక్షిత జంతువు. ఎవరైనా పాతది తెచ్చినా "ఉడుము తోలు" అని గొప్పగా చీటీ రాసి బల్ల మీద పెట్టకండి, తెచ్చినవాళ్లకు తలనొప్పి. ఇప్పుడు మేకతోలుతో చేసినవి దొరుకుతాయి, అవే పెట్టండి.

డప్పు తోలు తేమకు సాగుతుంది, పొద్దున కణకణమన్నది సాయంత్రం బొదబొదమంటుంది. తోలు డప్పయితే గడ్డిమంట సెగకు తిప్పుతూ కాచాలి, మరీ దగ్గర పెడితే చింతగింజల జిగురు ఊడుతుంది. ఫైబర్ డప్పయితే మంట దగ్గరికే తీసుకుపోవద్దు, బోల్టులు బిగిస్తే చాలు. పీర్ల పండుగనాడు ఎవరో అలవాటు కొద్దీ ఫైబర్ డప్పును గుండం దగ్గర కాచి, మర్నాడు నా దగ్గరికి తెచ్చారు. అప్పడంలా వంకర తిరిగి ఉంది.

చీటీల మీద వాయిద్యం పేరు ఒక్కటే కాకుండా దాన్ని కాపాడుకొచ్చినవాళ్ల పేరు కూడా రాయండి. డప్పు, కిన్నెర, జమిడిక, రుంజ ఒక్కొక్కటి ఒక్కో కులం చేతిలో బతికాయి. అయితే ఎట్లా రాయాలో వాళ్లనే అడగండి. ఆ పిల్లవాడి ఇంటికి మీరే పోయి, ప్రదర్శన రోజు వాళ్ల తాతనో పెద్దనాయననో పిలిస్తే ఇంకా మంచిది. బల్ల మీద మూగగా పెట్టిన జమిడికను చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు, నాకే కాలేదు.

ఆయన రాలేకపోతే పిల్లలతో ఇట్లా చేయించండి. గట్టి ప్లాస్టిక్ గ్లాసు అడుగున నడుమ సన్న రంధ్రం పెట్టండి. గట్టి నూలుదారానికి ఒక చొక్కా గుండీ కట్టి, గుండీ బయట అడుగుకు ఆనేటట్టు దారాన్ని గ్లాసు లోపలికి లాగండి. రెండో కొసకు పెన్సిల్ ముక్క కట్టండి. గ్లాసు ఒకరు పట్టుకుని, పెన్సిల్ లాగుతూ దారాన్ని మీటితే జమిడిక చిన్న తమ్ముడు పలుకుతాడు. దారానికి కొంచెం కొవ్వొత్తి మైనం రుద్దండి, లేకపోతే పది నిమిషాల్లో పీచు లేస్తుంది.